చూసింది గీసిన పిల్ల, చూడనిది గీసిన పిల్లాడు

శవాలను మోసే పాతకాలపు బండి. గుర్రాలను కట్టాల్సిన చోట మనుషులున్నారు. బండి మీద శవపేటిక ఉండాల్సిన చోట రొట్టెలున్నాయి. 1942 డిసెంబరు ఆఖరి వారంలో హెల్గా వైసోవా అనే పదమూడేళ్ల పిల్ల వేసిన బొమ్మ ఇది.

రెండో బొమ్మ చిన్న కాగితం మీద పెన్సిలుతో గీసినది. ముందు వైపు కోసుగా లేచిన రాతి కొండలు. వెనక చీకటి ఆకాశం, అందులో భూమి. చంద్రుడి మీద నిలబడి చూస్తే మన భూగోళం ఎలా కనిపిస్తుందో పేతర్ గిన్స్ అనే పిల్లాడు ఊహించి గీశాడు. 1942, 1944 మధ్య వేసిన బొమ్మ. అంటే వాడి పద్నాలుగో ఏటికీ పదహారో ఏటికీ నడుమ.

ఇద్దరిదీ ప్రాగ్ నగరమే. ఇద్దరూ ఈ బొమ్మలు వేసింది తెరెజీన్‌లోనే. ప్రాగ్‌కి ఉత్తరాన అరవై కిలోమీటర్ల దూరంలో పద్దెనిమిదో శతాబ్దంలో కట్టిన కోట ఊరు అది. 1941 నవంబరు నుంచి నాజీలు దాన్ని యూదుల నిర్బంధ పట్టణంగా మార్చారు. లక్షా నలభై వేల మందిని అక్కడికి తోలారు. ముప్పై మూడు వేల మంది ఆకలితో, రోగాలతో అక్కడే పోయారు. సుమారు ఎనభై ఎనిమిది వేల మందిని రైళ్లలో తూర్పుకి, ఎక్కువ భాగం ఆష్విట్జ్‌కి పంపేశారు. తెరెజీన్‌లో పిల్లలకు బడి నిషేధం. పాటలు పాడుకోవచ్చు, బొమ్మలు వేసుకోవచ్చు, చేతిపనులు చేసుకోవచ్చు. పాఠం మాత్రం చెప్పకూడదు. అందుకని పాఠాలు చాటుగా నడిచాయి, గుమ్మం దగ్గర ఒకరు కాపలా ఉంటే లోపల లెక్కలు, చరిత్ర. హైస్కూలు పిల్లలు బొమ్మల్లో తమను తాము ఎలా చెప్పుకుంటారన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఈ హైస్కూలు లేని ఊరి పిల్లలే ముందు గుర్తొస్తారు. ఆ వయసుకి ఉండే ఆసరాలన్నీ, అంటే బడి, ఇల్లు, వీధి, స్నేహం, రేపటి లెక్క, అన్నీ లాగేసుకున్నాక ఇక ఏం మిగులుతుందో వాళ్ల కాగితాల మీద కనిపిస్తుంది.

ఈ రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టేవాళ్లు మామూలుగా చెప్పే మాట ఒకటుంది. హెల్గా వాస్తవం గీసింది, పేతర్ కల గీశాడు. ఆమెది సాక్ష్యం, ఇతనిది స్వేచ్ఛ. వినడానికి బాగానే ఉంటుంది. బొమ్మల ముందు ఓ పావుగంట కూర్చుంటే మాత్రం ఈ పంపకం నిలబడదు.

హెల్గా సంగతి ముందు. 1941 డిసెంబరులో తల్లిదండ్రులతో పాటు తెరెజీన్ వచ్చేటప్పటికి ఆమెకు పన్నెండేళ్లు. మనిషికి యాభై కిలోల సామానే అనుమతి. అందులో ఆమె రంగుల పెట్టె కూడా ఉంది. మగవాళ్లను ఒక బారక్‌లో, ఆడవాళ్లనూ పిల్లల్నీ వేరే బారక్‌లో పెట్టారు. వచ్చిన కొత్తల్లో ఆమె మంచుబొమ్మ చేస్తున్న ఇద్దరు పిల్లల్ని గీసి, చాటుగా తండ్రికి పంపింది. ఆయన మెచ్చుకుని ఊరుకోలేదు. చూసేది గీయమని కబురు పెట్టాడు. అప్పటి నుంచి మూడేళ్లలో ఆమె వందకు దగ్గరగా బొమ్మలు వేసింది.

ఆ మంచుబొమ్మ చిత్రం చూస్తే ఏ దేశపు పిల్లయినా వేసి ఉండేదే అనిపిస్తుంది. ఆ తర్వాతి బొమ్మలు ఇంకెవరూ వేయలేనివి. మూడంతస్తుల చెక్క మంచాలు, అన్నం కోసం వరస, సామాను మోసుకుంటూ వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు. ఆమెకు గది సర్దుకునే ఆడపిల్ల కన్ను ఉంది. గిన్నె ఎక్కడ వేలాడుతోంది, కోటు ఏ మేకుకి తగిలించారు, మంచం కింద ఎవరి పెట్టె ఉంది, ఇవన్నీ ఆమెకు పడతాయి. ముఖాల్లో ఏడుపు పెద్దగా ఉండదు. మనుషులు చిన్నగా, కొంచెం బొద్దుగా, పిల్లల కథల పుస్తకంలో మనుషుల్లాగే ఉంటారు. గీత శుభ్రంగా ఉంటుంది, రంగు పలచగా ఉంటుంది. భావం ఏదని వెతికితే ఎక్కడా ప్రకటనలా దొరకదు. ఏ వస్తువు ఏ వస్తువు మీద పెట్టింది అన్న చోట దొరుకుతుంది.

శవాల బండి మీద రొట్టెలు అలాంటిదే. ఆ ఊళ్లో చుట్టుపక్కల యూదు సమాజాల దగ్గర లాక్కొచ్చిన శవాల బళ్లు ఉండేవి. రొట్టెలకీ అవే, సామాన్లకీ అవే, నడవలేని ముసలివాళ్లకీ అవే, చచ్చిపోయినవాళ్లకీ అవే. కాబట్టి ఆ వ్యంగ్యం హెల్గా కల్పించింది కాదు, ఊరే తయారుచేసి పెట్టింది. రోజూ పొద్దున్నే ఆ బండిని వేలమంది చూశారు. మూడో వారానికి అలవాటు పడిపోయి ఉంటారు. ఈ పిల్ల అలవాటు పడలేదు. పదమూడేళ్ల వయసుకి ఉండే గొప్ప గుణం అదే, పెద్దవాళ్లు సర్దుకుపోయినదాన్ని వింతగానే చూడగలగడం. ఇంట్లో మనం ఆ గుణాన్ని ఎదురు చెప్పడం అంటాం.

చూసింది గీయడం అక్కడ నేరం కూడా. 1944 జూన్ 23న రెడ్‌క్రాస్ ప్రతినిధులు వచ్చి చూసి వెళ్లారు. దానికోసం ఊరికి సున్నాలు వేసి, పూలమొక్కలు పెట్టి, జనాన్ని తగ్గించడానికి ముందే వేలమందిని ఆష్విట్జ్‌కి తోలేశారు. ఆ తర్వాత నెలలోనే బెద్రిఖ్ ఫ్రిట్టా, లియో హాస్ లాంటి పెద్ద చిత్రకారులను ఉన్నదున్నట్టు గీసినందుకు పట్టుకుని పక్కనే ఉన్న చిన్న కోట జైల్లో పడేశారు. హెల్గా ఆష్విట్జ్‌కి వెళ్తూ తన బొమ్మల్నీ డైరీనీ మామయ్య చేతిలో పెట్టింది. ఆయన వాటిని మాగ్డెబర్గ్ బారక్ గోడలో పెట్టి ఇటుకలతో మూసేశాడు. యుద్ధం అయ్యాక గోడలోంచి బయటికి తీశారు.

ఇప్పుడు పేతర్. వాళ్ల నాన్న యూదు, అమ్మ కాదు. అలాంటి ఇళ్ల పిల్లల్ని పద్నాలుగేళ్లు నిండాక ఇంట్లోంచి తీసుకుపోవాలని నాజీల నిబంధన. మనం పుట్టినరోజుకి కొత్త బట్టలు కుట్టిస్తాం. ఈ పిల్లాడికి పద్నాలుగో పుట్టినరోజు తెచ్చింది ఆ అర్హత. 1942 అక్టోబరులో ఒంటరిగా తెరెజీన్ వచ్చాడు. తానెవరో తాను తేల్చుకునే వయసులో ఆ పని ప్రభుత్వం చేసిపెట్టింది. అప్పటికే వాడు జూల్స్ వెర్న్ నవలలు మింగేసి, అలాంటి నవలలు సొంతంగా రాసి, వాటికి బొమ్మలు కూడా వేసుకున్నవాడు.

ఆ సంగతి తెలిశాక చంద్రుడి బొమ్మ మరీ విచిత్రంగా అనిపిస్తుంది. వెర్న్ పిచ్చి ఉన్న పద్నాలుగేళ్ల పిల్లాడు చంద్రయానం గీస్తే ముందు ఏం గీస్తాడు? ఫిరంగి గుండు లాంటి వాహనం, దాని కిటికీలు, మరలు, లోపల కూర్చున్న మనుషులు. ఇక్కడ వాహనం లేదు. మనిషి లేడు. జెండా లేదు. వెళ్లడం గీయలేదు వాడు, వెళ్లిపోయాక కనిపించేది గీశాడు. ఎలా వెళ్లాం అన్నది కాగితం బయటే ఉండిపోయింది. తిరిగి ఎలా వస్తాం అన్నదీ అంతే.

దీన్ని అందరూ స్వేచ్ఛ అంటారు. గోడలు దాటిన ఊహ అంటారు. ఆ మాట అనేవాళ్లు భూమినే చూసి కొండల్ని చూడడం లేదని నా అనుమానం. ఆ కొండలు మనిషిని రమ్మనేవి కావు. పదునుగా, ఎండిపోయి, అడుగు పెట్టడానికి చోటు లేకుండా ఉన్నాయి. భూమి దూరంగా, అందంగా, చేతికి అందకుండా ఉంది. జనమూ ఊళ్లూ ఉన్న చోటు అదీ, తానున్న చోటు ఇదీ. తెరెజీన్ కోట గోడ మీంచి అవతలి పొలాల్ని చూసే పిల్లాడికి కొలతలు సరిగ్గా ఇవే. అది కల అయితే కావచ్చు, కానీ ఆ కలలో నిలబడ్డ చోటు మాత్రం వాడికి బాగా తెలిసిన చోటే. హెల్గా కన్నా పేతరే తెరెజీన్‌ని ఎక్కువ నిక్కచ్చిగా గీశాడని కూడా వాదించవచ్చు.

చంద్రుడి దగ్గర నుంచి మనుషులు చూసిన భూమి ఎలా ఉంటుందో లోకానికి తెలిసింది 1968 డిసెంబరులో, అపోలో 8 వాళ్లు తీసిన ఫొటోతో. అప్పటికి పేతర్ పోయి ఇరవై నాలుగేళ్లు. 1944 సెప్టెంబరు 28న వాణ్ని ఆష్విట్జ్ రైలెక్కించారు. పదహారేళ్లు.

ఈ బొమ్మ కథ మన వాకిట్లోకి కూడా వచ్చింది, మనం గమనించలేదు గానీ. ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలాన్ రమోన్ 2003 జనవరిలో కొలంబియా నౌకలో దీని నకలు వెంట తీసుకెళ్లాడు. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ నౌక గాల్లోనే ముక్కలైపోయింది. రమోన్‌తో కలిపి పోయిన ఏడుగురిలో కల్పనా చావ్లా ఒకరు. ఆ రోజు మన ఇళ్లలో టీవీల ముందు ఎంతమంది కూర్చున్నామో ఆ తరం వాళ్లకి గుర్తే. ఆ రోజు పేతర్ బతికి ఉంటే వాడి డెబ్బై అయిదో పుట్టినరోజు.

ఇంత కథ ఒక బొమ్మ మీద పడితే ఇక బొమ్మను బొమ్మగా చూడటం కష్టం. కొలంబియా తర్వాత అది గుర్తుగా, స్మారకంగా మారిపోయింది. నిర్మొహమాటంగా చెప్పాలంటే చిత్రలేఖనంగా అది అసాధారణమైనదేమీ కాదు. చేతి చాకచక్యం, బొమ్మను కాగితంలో కూర్చడం, జనాన్ని గుంపులుగా నిలబెట్టడం, వీటన్నిటిలో హెల్గా ఎంతో ముందుంది. తర్వాత ఆమె ప్రాగ్‌లో ఎమిల్ ఫిల్లా దగ్గర చదువుకుని చిత్రకారిణి అయింది. ఆ దారి ఈ వందబొమ్మల్లోనే కనిపిస్తుంది. అయితే ఆమెకూ ఇలాంటి చిక్కే వచ్చిపడింది. ఆమె బొమ్మల్ని సాక్ష్యంగా చూపిస్తారు. వరస ఇలా ఉండేది, మంచాలు ఇలా ఉండేవి అని చూపించడానికి వాడతారు. ఫొటో దొరకని చోట ఫొటోలాగ. అక్కడ ఒక ఆడపిల్ల ఎదుగుతోందన్న సంగతి కింది వివరణలో ఇమడదు.

పేతర్‌ని కలల పిల్లాడు అని తేల్చేసేముందు వాడి మిగతా రాతలు చూడాలి. తెరెజీన్‌లో వాడున్న భవనం పేరు ఎల్ 417. యుద్ధానికి ముందు అది ఆ ఊరి బడి. ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది. మొదటి నంబరు గది అబ్బాయిలు ‘వేదెమ్’ అనే వారపత్రిక నడిపారు. మన హైస్కూళ్లలో ఒకప్పుడు తెలుగు మాస్టారి ప్రోత్సాహంతో లిఖిత పత్రికలు నడిచేవి కదా, ఒక్కటే ప్రతి, అందరూ చేతులు మార్చుకుని చదివేవాళ్లు, అలాంటిది. తెరెజీన్‌లో శుక్రవారం రాత్రి గదిలో కూర్చుని పైకి చదివేవాళ్లు. దాదాపు ఎనిమిది వందల పేజీలు మిగిలాయి. సంపాదకుడు పేతర్. వాడు దానికి ఊరి విశేషాల శీర్షిక ఒకటి రాశాడు. రొట్టెల బట్టీకి వెళ్లి, అగ్నిమాపక కేంద్రానికి వెళ్లి, చివరికి శవదహన కేంద్రానికి కూడా వెళ్లి అక్కడ పని ఎలా సాగుతుందో విలేకరిలాగా రాశాడు. ఏడుపు లేదు, విశేషణాలు లేవు. ప్రాగ్‌లో ఉన్నప్పటి డైరీ కూడా అంతే. 1941 సెప్టెంబరులో యూదులంతా పసుపు నక్షత్రం కుట్టుకోవాలన్న ఉత్తర్వు అమల్లోకి వచ్చిన రోజు, బడికి వెళ్లే దారిలో నక్షత్రం పెట్టుకున్నవాళ్లు ఎంతమంది ఎదురయ్యారో లెక్కపెట్టి రాసుకున్నాడు. అరవై తొమ్మిది మంది. వాళ్లకి వాడు పెట్టిన పేరు షెరీఫులు, కౌబాయ్ కథల్లో ఛాతీ మీద నక్షత్రం పెట్టుకుని తిరిగేవాళ్లు. అవమానం జరిగిన రోజున పదమూడేళ్ల పిల్లాడు చేసింది ఒక లెక్క, ఒక జోకు. వేదన అనే మాట వాడి డైరీలో వెతుక్కోనక్కర్లేదు, అరవై తొమ్మిది చాలు.

అంటే చూడనిది గీసినవాడు చూసింది రాసినవాడే. మరి చూసిందే గీసిన హెల్గా?

1943లో ఆమె స్నేహితురాలికి పద్నాలుగో పుట్టినరోజు వచ్చింది. ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో పుట్టారు, తెరెజీన్‌లో ఒకే గదిలో ఉన్నారు. హెల్గా ఆ పిల్లకి మూడు భాగాలుగా బొమ్మ వేసి ఇచ్చింది. మొదటి భాగం 1929: ప్రసూతి ఆసుపత్రిలో ఇద్దరు పసిపిల్లలు. రెండోది 1943: చెక్క మంచాల మీద ఇద్దరు అమ్మాయిలు. మూడోది 1957: ఇద్దరు తల్లులు పిల్లల బళ్లు తోసుకుంటూ ప్రాగ్‌లో షికారుకి వెళ్తున్నారు.

లెక్క చూడండి. పద్నాలుగేళ్లు వెనక్కి, పద్నాలుగేళ్లు ముందుకి. పుట్టినరోజు పిల్ల వయసే కొలబద్ద. ఆ మధ్య బొమ్మ హెల్గా రోజూ గీసేదే, మంచాలూ మేకులూ గిన్నెలూ. మిగతా రెండూ ఆమె చూడనివి. పుట్టిన సంగతి ఎవరికీ గుర్తుండదు, పెద్దవాళ్లు చెబితే వినేదే. 1957 ఇంకా రాలేదు. ఇక్కడ తండ్రి చెప్పిన నియమాన్ని ఆమె తప్పింది, అదీ ఎంతో పొందికగా తప్పింది. బెంగపడి కాదు, హక్కుగా. మూడు గళ్లూ ఒకే కొలత, ఒకే రంగుల పద్ధతి. వచ్చే రోజులు కూడా జరిగిన రోజులంత ఖాయం అన్నట్టు గీసింది. ఆ స్నేహితురాలు పదిహేనో పుట్టినరోజు చూడలేదు, ఆష్విట్జ్‌లో పోయింది.

ఇక్కడే తెరెజీన్ డ్రాయింగ్ టీచరు గురించి చెప్పుకోవాలి, క్లుప్తంగానే. ఫ్రీడల్ డికర్-బ్రాండైస్, 1898లో వియన్నాలో పుట్టింది, వైమార్‌లోని బౌహౌస్ కళాశాలలో యోహానెస్ ఇటెన్ శిష్యురాలు. 1942 డిసెంబరులో తెరెజీన్‌కి తోలినప్పుడు సామాన్లో బట్టల కన్నా బొమ్మల సరంజామాకే ఎక్కువ చోటిచ్చింది. పిల్లల చేత ఊపిరీ లయా కుదిరే అభ్యాసాలు చేయించింది, వెర్మీర్ లాంటి పెద్దవాళ్ల చిత్రాలు చూసి వేయించింది, ఆఫీసుల్లో వాడి పారేసిన ఫారాలు చింపి అతికించి కొలాజ్‌లు చేయించింది. బాధ గీయండి అని అడగలేదు. గిన్నె ఎలా ఉంది, పువ్వు రేకు ఎటు వంగింది, ఈ చిత్రంలో వెలుగు ఎటు నుంచి పడుతోంది అని అడిగింది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కి పంపేటప్పటికి రెండు పెట్టెల్లో దాదాపు నాలుగున్నర వేల బొమ్మలు పోగయ్యాయి. అవి ఇప్పుడు ప్రాగ్ యూదు మ్యూజియంలో ఉన్నాయి. యుద్ధానికి ముందు ఆమె దగ్గర నేర్చుకున్న ఎడిత్ క్రామర్ అమెరికా వెళ్లి, చిత్రకళతో పిల్లల మనసుకి వైద్యం చేసే పద్ధతికి పునాది వేసినవాళ్లలో ఒకరైంది.

మన దగ్గర హైస్కూలు పిల్లల బొమ్మల పోటీలకు ఒకసారైనా న్యాయనిర్ణేతగా కూర్చున్నవాళ్లకి ఆ రెండు చేతులూ తెలిసే ఉంటాయి. రెండు చేతుల మధ్య భూగోళం, ఒక సగం పచ్చగా, ఒక సగం ఎండిపోయి. వందలో నలభై కాగితాలు అవే. పర్యావరణం మీద మీ భావం తెలపండి అంటే ఆ భావం ముందే అచ్చయి ఉంటుంది, పిల్లలు రంగు నింపుతారు. తప్పు పిల్లలది కాదు. వాళ్లలో ఎవడినైనా పిలిచి, మీ ఇంటి వెనక నీళ్లు పోయే కాలవ ఏ రంగులో ఉంటుందో వేయమంటే వేస్తాడు. తెరెజీన్‌లో పెద్దవాళ్లు అడిగింది అలాంటి ప్రశ్నలే, హెల్గా వాళ్ల నాన్నయినా ఫ్రీడల్ అయినా. పేతర్ తానే ఒక కొలత పెట్టుకున్నాడు: అక్కడి నుంచి చూస్తే ఇక్కడ ఎలా కనిపిస్తుంది?

పేర్ల విషయం కూడా చూడాలి. తెరెజీన్‌కి వచ్చిన ప్రతి మనిషికీ రైలు అక్షరం, ఒక అంకె ఇచ్చారు. కాగితాల మీద వాళ్లు అంతే. ఫ్రీడల్ తన పిల్లల చేత ప్రతి బొమ్మ మీదా పేరు రాయించింది. ఈ రోజు ఆ పిల్లల్లో చాలామందికి లోకంలో మిగిలిన గుర్తు ఆ పెన్సిలు సంతకమే. హెల్గాకి ఆ అవసరం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చాలా బొమ్మల మీద విషయం, తేదీ తనే రాసింది, ఎక్కడ ఉన్నదీ ఎప్పుడు ఉన్నదీ ఖాయం చేసుకున్నట్టు. పేతర్ మాత్రం ‘వేదెమ్’లో ‘అకాడెమీ’ అని కలంపేరు పెట్టుకున్నాడు. నలభై మంది ఇరుక్కున్న గదిలో, బడి నేరమైన ఊళ్లో, పద్నాలుగేళ్ల పిల్లాడు తనకు తానే ఒక విద్యాపీఠం. గర్వమూ ఉంది, వెక్కిరింతా ఉంది. ఆ వయసుకి రెండూ కలిసే ఉంటాయి. అస్తిత్వం గురించి పెద్ద పెద్ద వ్యాసాలు రాసేవాళ్లు ఈ కలంపేరు దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది.

ఇద్దరిలో ఎవరి బొమ్మ గొప్పదని అడిగితే తప్పించుకోను. చంద్రుడి బొమ్మ నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. శవాల బండి మీది రొట్టెలు ఎక్కువ కాలం వెంటాడతాయి. కానీ ఒక్కటే ఎంచుకోమంటే పుట్టినరోజు బొమ్మనే తీసుకుంటాను. మిగతా రెండూ లోకాన్ని చూసి వేసినవి. ఇది ఒక మనిషి కోసం వేసింది. ఆ అమ్మాయి నవ్వాలని, దాచుకోవాలని, 1957లో బయటికి తీసి చూపించుకోవాలని వేసింది. చూసిందీ చూడనిదీ ఒకే కాగితం మీద సమానంగా మూడు గళ్లలో సర్దిన ఆ చేతికి అప్పటికి పద్నాలుగేళ్లు.